అటక మీద బియ్యం బస్తా

మా అత్తయ్యగారి పుట్టిల్లు నాగాయలంక వైపు. కార్తీకం వస్తే చాలు, బియ్యం బస్తా అటకెక్కించమంటారు. పామర్రు దాకా సముద్రం వస్తుందా అని పిల్లలకు నవ్వు. అబద్ధమెందుకు, నేనూ నవ్వేదాన్నే.

1977 నవంబరు 19 ఉప్పెనలో ఆవిడ తాటిచెట్టును కరచుకుని బతికారు. తెల్లారి చూస్తే ఊరే లేదట! దివిసీమలో 10,000 మందికి పైగా పోయారు. 1864 నవంబరు 1న బందరులోనూ ఇంతే, దాదాపు 30,000 మంది అంటారు. అదీ నవంబరే!

మా పిల్లలకు పానిపట్టు యుద్ధాల తేదీలు వచ్చు, ఇవి రావు. పుస్తకంలో ఉంటే చరిత్ర, అత్తగారు చెబితే చాదస్తమా? అడిగి రాసుకోవాల్సింది ఇంట్లో ఉండే మనమేనండీ.

మొన్న నోటుబుక్కు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ముందు బస్తా ఎక్కించవే, తర్వాత చెబుతా" అన్నారు.