ఒక్క అంకె చూసి పప్పు మానేయకండి

సత్తుపల్లిలో ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "నాకు యూరిక్ యాసిడ్ ఉందంట." షుగర్ ఉందనో, బీపీ ఉందనో చెప్పినట్టే చెబుతారు. మోకాళ్లు పట్టేశాయని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే ఆయన రక్తపరీక్షకు పంపిస్తాడు. రిపోర్టులో 7.4 అనో 7.8 అనో వస్తుంది, పక్కన ఎక్కువని గుర్తు ఉంటుంది. ఇక ఆ ఇంట్లో కందిపప్పు బంద్, టమాటా బంద్, పాలకూర బంద్. రోజుకో గోలీ మొదలు. నెలలు గడుస్తాయి, రెండోసారి చేయించిన పరీక్షలో అంకె తగ్గుతుంది కూడా. మోకాళ్ల నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆ నొప్పికి, ఆ అంకెకు అసలు సంబంధం ఉందా అని ఎవరూ అడగకపోవడమే నా బాధ. యూరిక్ యాసిడ్ అందరి రక్తంలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. అది ఎంత ఉందో చెప్పడం వరకే పరీక్ష పని. అంత ఎందుకుందో, దానివల్ల హాని జరుగుతోందో లేదో తెలియాలంటే మనిషి వయసు, ఆడా మగా, ఏ కీలు ఎలా నొప్పి పెడుతోంది, రోజూ వేసుకునే మందులేమిటి, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూడాలి.

ఒంట్లోని ప్రతి కణంలో ప్యూరిన్లు అనే పదార్థాలుంటాయి. డీఎన్‌ఏలో అవే ఉన్నాయి. కండరానికి శక్తినిచ్చే ఏటీపీలోనూ ఉన్నాయి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలుగులోకి తెచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. పాత కణాలు నశించి కొత్తవి పుట్టేటప్పుడు ఈ ప్యూరిన్లు విరిగి, చివరికి యూరిక్ యాసిడ్‌గా మిగులుతాయి. రోజూ తయారయ్యేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా సొంత ఒంట్లోంచి వచ్చేదే. తిండి వాటా మూడో వంతు. బయటికి పోయేదాంట్లో ఎక్కువ భాగం కిడ్నీల దారిన, మిగతాది పేగుల దారిన పోతుంది. చాలా జంతువుల్లో దీన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంది. మనిషి పరిణామక్రమంలో దాన్ని పోగొట్టుకున్నాడు. యూరిక్ యాసిడ్ పెరిగినవారిలో అత్యధికులకు అసలు కారణం కిడ్నీలు దాన్ని తక్కువగా బయటికి పంపడమే. తిండినే దోషిగా నిలబెట్టడం అందుకే సగం కూడా నిజం కాదు.

సుబ్బారావు పనిచేసిన హార్వర్డ్ విభాగానికి అధిపతి ఆటో ఫోలిన్. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1912 ప్రాంతంలో విల్లీ డెనిస్ అనే మహిళా శాస్త్రవేత్తతో కలిసి తయారుచేసింది ఆయనే. ఇప్పటి ల్యాబుల్లో యూరికేజ్ ఎంజైమునే రక్తపు నమూనాకు కలిపి, చివర వచ్చే రంగును యంత్రంతో చదివిస్తారు. యంత్రం మంచిదే. కానీ రక్తం ఇచ్చే మనిషి ఆ రోజు ఎలా ఉన్నాడన్నది కూడా అంకెను మారుస్తుంది. జేవీఆర్ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలోనో కిష్టారం గనిలోనో ఎండలో షిఫ్టు దిగి, నీళ్లు సరిగా తాగకుండా నేరుగా ల్యాబుకు వెళితే అంకె పైకి పోతుంది. పామాయిల్ గెలలు కోసి మోసినవారికీ అంతే. కటిక ఉపవాసం ఉన్నా, ముందు రాత్రి బీరు తాగినా పెరుగుతుంది. కాబట్టి ఒక్కసారి వచ్చిన అంకె మీద ఏళ్ల తరబడి వాడే మందు మొదలుపెట్టకూడదు. బాగా నీళ్లు తాగి, మామూలుగా తిని, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేయించుకోవాలి.

ఇక రిపోర్టులో రాసే హద్దు సంగతి. మగవారికి 3.5 నుంచి 7.2, ఆడవారికి 2.6 నుంచి 6 అని చాలా ల్యాబులు రాస్తాయి, ఒక్కో ల్యాబుకు కొంచెం తేడా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందిని పరీక్షించి, వారిలో నూటికి 95 మంది ఏ అంకెల మధ్య ఉన్నారో చూసి ఇలాంటి గీతలు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేనివారిలోనే కొందరు గీత దాటి ఉంటారు. దీనికి భిన్నమైన ఇంకో అంకె 6.8 ఉంది. అది రసాయనశాస్త్రం చెప్పింది. 37 డిగ్రీల వేడిలో 100 మిల్లీలీటర్లకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే యూరిక్ యాసిడ్ లవణం కరిగి ఉండలేక, స్ఫటికాలుగా విడిపోయే అవకాశం మొదలవుతుంది. పాకం చల్లారేకొద్దీ పటికబెల్లం గడ్డకట్టినట్టే, ఒంట్లో చల్లగా ఉండే చోట ఈ స్ఫటికాలు ముందుగా ఏర్పడతాయి. గుండెకు దూరంగా, చల్లగా ఉండే కాలి బొటనవేలి మొదట్లో, ఈ స్ఫటికాలవల్ల వచ్చే గౌట్ అనే కీళ్ల జబ్బు మొదలవడానికి ఇదొక కారణం.

అవకాశం ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. అంకె 9 దాటినవారిలో సైతం వచ్చే అయిదేళ్లలో గౌట్ వచ్చేది దాదాపు అయిదుగురిలో ఒకరికే. అందుకే నొప్పి లేకుండా అంకె మాత్రమే పెరిగినవారికి మందు మొదలుపెట్టవద్దని అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో సూచించింది. మన దగ్గర 7.4కే గోలీ రాస్తున్నారు.

నిజమైన గౌట్ వచ్చినవారిని చూస్తే గుర్తుండిపోతుంది. అర్ధరాత్రి ఉన్నట్టుండి బొటనవేలో చీలమండో ఎర్రగా వాచి, నిగనిగలాడుతూ, కప్పుకున్న దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. ఒక్క రోజులోనే తారస్థాయికి చేరుతుంది. వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, ఆ తర్వాత నెలల తరబడి ఏమీ ఉండదు. ఇది ఎక్కువగా మధ్యవయసు దాటిన మగవారికి వస్తుంది. ఈస్ట్రోజన్ హార్మోను యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడంలో తోడ్పడుతుంది కాబట్టి, నెలసరి ఆగని ఆడవారిలో గౌట్ చాలా అరుదు. ముప్పై అయిదేళ్ల మిర్చి కూలీ మహిళకు రెండు మోకాళ్లూ నొప్పి అంటే, నాట్లు, కలుపులు, కోతలు, బరువులు అన్నీ గుర్తుకు రావాలి. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోతుంటే రుమటాయిడ్ కీళ్లవాతం గురించి ఆలోచించాలి. జ్వరం తగ్గాక నెలల తరబడి కీళ్లు పీకుతుంటే చికున్‌గున్యా ఉందేమో చూడాలి. వీటన్నిటినీ యూరిక్ యాసిడ్ ఖాతాలో రాసేస్తే అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమవుతుంది. రుమటాయిడ్‌లో ఆ ఆలస్యం వల్ల వేళ్లు వంకర తిరిగిపోతాయి.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా జరుగుతోంది. గౌట్ దాడి జోరుగా ఉన్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా ఉండొచ్చు. "నార్మలే వచ్చింది, ఇది గౌట్ కాదు" అని పంపేయడం పొరపాటు. నొప్పి తగ్గిన రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ పరీక్షించాలి. అనుమానం తీరాలంటే కీలులోని నీరు సూదితో తీసి సూక్ష్మదర్శినిలో స్ఫటికాలు చూడాలి. 1961లో మెకార్టీ, హోలండర్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఈ దారి చూపించారు. గట్టి రుజువు ఇప్పటికీ అదే.

మందుల సంగతి మా ప్రాంతానికి మరీ ముఖ్యం. క్షయకు ఇచ్చే మందుల్లో పైరాజినమైడ్ మొదటి రెండు నెలలు ఉంటుంది. అది కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపకుండా అడ్డుకుంటుంది. దాంతో చాలామందిలో అంకె బాగా పెరుగుతుంది, కొందరికి కీళ్లు నొస్తాయి. దమ్మపేట, అశ్వారావుపేట వైపు కోయగూడేల్లో టీబీ మందు వాడే మనిషి ఆ నొప్పికి భయపడి మందు మధ్యలో ఆపేస్తే, టీబీ తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. ఆ నొప్పిని మామూలు మందులతో తగ్గించవచ్చు, రెండు నెలలయ్యాక పైరాజినమైడ్ ఆపడంతో అంకె కూడా దిగుతుంది. టీబీ మందు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా ఆపవద్దు. బీపీకి ఇచ్చే థయాజైడ్ గోలీలు, గుండెకు ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. వాటినీ మనంతట మనం ఆపకూడదు. బీపీకి మందు మార్చవలసి వస్తే యూరిక్ యాసిడ్‌ను కొద్దిగా తగ్గించే లోసార్టాన్ లాంటివి ఉన్నాయి, డాక్టరు ఆలోచిస్తారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది కిడ్నీల సంగతి. సత్తుపల్లి నుంచి తిరువూరు దాటి వెళితే ఎ.కొండూరు మండలం. అక్కడి తండాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బు మనుషులను తినేస్తోంది. శ్రీకాకుళం ఉద్దానం గోడు అందరూ ఎరిగినదే. కిడ్నీ పనితనం తగ్గితే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. అంటే రిపోర్టులో ఆ 7.8 కిడ్నీ జబ్బు ఇచ్చిన తొలి హెచ్చరిక కావచ్చు. దాని పక్కన కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ అంకె లేకపోతే ఆ హెచ్చరిక ఎవరికీ వినపడదు. పైగా యూరిక్ యాసిడ్ నొప్పులని చెప్పి వారానికి రెండు డైక్లోఫెనాక్ నొప్పి సూదులు వేస్తుంటే, అప్పటికే బలహీనపడిన కిడ్నీల మీద మరో దెబ్బ. ఎండలో చెమట కార్చి, నీళ్లు తక్కువ తాగే కూలీకి ఈ సూది రెట్టింపు హాని చేస్తుంది. యూరిక్ యాసిడ్‌ను గోలీతో తగ్గిస్తే కిడ్నీ బాగుపడుతుందా? 2020లో వెలువడిన రెండు పెద్ద ప్రయోగాల్లో అల్లోప్యూరినాల్ అనే ఆ గోలీ కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేయలేదని తేలింది. కిడ్నీ కోసమని ఈ గోలీ అంటగట్టే సలహాకు ఆధారం లేదు.

తిండి విషయంలో మన దగ్గర జరుగుతున్న అన్యాయం పప్పు మీదే. 2004లో అమెరికాలో 47,150 మంది మగవారిని 12 ఏళ్ల పాటు గమనించి వెలువరించిన అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు, రొయ్యల వంటివి ఎక్కువ తినేవారికి గౌట్ ఎక్కువగా వచ్చింది. ప్యూరిన్లు ఎక్కువుండే కూరగాయలు తిన్నవారికి ఆ ముప్పు పెరగలేదు. పాలు, పెరుగు తీసుకునేవారిలో తగ్గింది. కూలి చేసుకునే ఇంట్లో రోజూ అందే మాంసకృత్తు పప్పే. దాన్ని కంచంలోంచి తీసేస్తే మిగిలేది తెల్లన్నం, పచ్చడి. గౌట్ ఉందని తేలినవారు తగ్గించవలసినవి కాలేయం, బోటీ, ఎండు నెత్తళ్లు, రొయ్యలు. బీరు అన్నిటికన్నా చెడ్డది. కల్లు చెట్టునుంచి దిగిందని మంచిదైపోదు, అదీ ఈస్టుతో పులిసేదే. తియ్యటి కూల్‌డ్రింకులు కూడా వదలాలి. వాటిలోని ఫ్రక్టోజ్ కాలేయంలో ఏటీపీని గబగబా ఖర్చుచేయించి యూరిక్ యాసిడ్‌గా దింపుతుంది. మజ్జిగ ఎంతైనా తాగొచ్చు. ఇంత చేసినా తిండి మార్పుతో తగ్గేది సుమారు 1 మిల్లీగ్రామే. పథ్యం చేసీ చేసీ అంకె దిగలేదని ఎవరూ తమను తాము నిందించుకోనవసరం లేదు.

అడవి పక్కన బతికేవాళ్లం కాబట్టి ఒక మాట చెప్పి తీరాలి. వానాకాలంలో మంటలాంటి ఎరుపు, పసుపు రేకులతో పూసే అడవినాభి మనకు తెలిసిన మొక్కే, అగ్నిశిఖ అని కూడా అంటారు. గౌట్ దాడికి డాక్టర్లిచ్చే కాల్చిసిన్ దాని గింజల్లో, దుంపలో ఉంటుంది. తమిళనాడులో దాన్ని పొలాల్లో వేసి గింజలు మందుల తయారీకి అమ్ముతారు. ఆ మందు మోతాదు అర మిల్లీగ్రాము లెక్కల్లో ఉంటుంది. దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కీళ్లనొప్పులకని ఎవరు నూరి ఇచ్చినా ముట్టవద్దు.

నిజంగా గౌట్ ఉన్నవారికి మందు అవసరం, మంచి మందు ఉంది కూడా. అల్లోప్యూరినాల్‌ను తెచ్చిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ పంచుకున్నారు. ఏటా రెండు లేదా అంతకు మించి దాడులొచ్చేవారికి, కీళ్ల దగ్గర గడ్డలు కట్టినవారికి ఆ మందును 100 మిల్లీగ్రాములు లేదా ఇంకా తక్కువతో మొదలుపెట్టి, అంకె 6 లోపలికి దిగేదాకా మెల్లగా పెంచుతారు. మొదటి నెలల్లో నొప్పి దాడులు ఎక్కువ కావచ్చు, దానికి భయపడి మానకూడదు. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు పడినా మాత్రం ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ మందుతో అరుదుగా ప్రాణం తీసేంత రియాక్షన్ రావచ్చు. అవసరం లేనివాళ్లకు ఇవ్వకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఖమ్మంలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం 2021 నుంచి పనిచేస్తోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే పైసా ఖర్చు లేకుండా పరీక్షలు చేస్తారు. ఆర్‌ఎంపీ మిత్రులారా, నొప్పులని వచ్చినవారిని యూరిక్ యాసిడ్ ఒక్కదానికే పంపకండి, క్రియాటినిన్ కూడా రాయండి. ల్యాబు నడిపేవారూ ఎక్కువని గుర్తు పెట్టే చోట డాక్టరును కలవమని ఒక్క వాక్యం తెలుగులో అచ్చువేయండి. పాఠకులారా, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే గోలీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, క్రియాటినిన్ ఎంత ఉందో అడిగి తెలుసుకోండి.