దర్వాజ మనదైతే రౌటర్ మనది కాదా?

ఇంట్లో నెట్ ఆగిపోయిందని ఫోన్ చేస్తే, బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి గుమ్మంలోనే అడుగుతాడు: "సార్ లేరా మేడం?" బిల్లు కట్టేది నేను. అయినా "ఏమైంది బాబూ?" అంటే "మోడెమ్ ప్రాబ్లం, మీకు అర్థం కాదు లెండి" అంటాడు. ఆ 'అర్థం కాదు' అన్న మాట మీదే నాకు పేచీ. అదేమీ అర్థం కాని విద్య కాదు. ఎవరూ మనకు తెలుగులో చెప్పలేదు, అంతే.

నా సంగతి సరే, పిల్లల సంగతి చూడండి. నా మెట్టినిల్లు కామారెడ్డి, పుట్టిల్లు ఎల్లారెడ్డి. అక్కడ మా తమ్ముడి కూతురు ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. మొన్న ఫోన్లో "అత్తా, సీరియల్ కమ్యూనికేషన్ అంటే ఏందో తెల్వకుండనే బట్టీ పట్టిన. నాకు ఈ చదువు రాదేమో, గ్రూపు మార్చుకుంట" అంది. నాకు కడుపులో దేవినట్టయింది. తన పుస్తకం తెప్పించుకుని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. నాకు అర్థమైనంత మీకూ చెప్తాను.

బిట్ అంటే ఒక్క జవాబు: అవును లేదా కాదు, 1 లేదా 0. అలాంటివి 8 కలిస్తే బైట్. ఆ ఎనిమిదీ ఒకే దర్వాజలోంచి ఒకదాని వెనుక ఒకటి పోతే సీరియల్. ఎనిమిది దర్వాజలు పెట్టి ఒకేసారి పంపితే ప్యారలల్. ఫోన్ చార్జర్ వైరును యూఎస్‌బీ అంటాం కదా, అందులో 'ఎస్' అంటే సీరియలే.

ఒకదాని వెనుక ఒకటి వస్తుంటే, ఏది ఎక్కడ మొదలైందో అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? మనం ఉత్తరం ఎలా రాసేవాళ్లం? పైన 'పూజ్యులైన నాన్నగారికి', కింద 'ఇట్లు'. పాత పద్ధతి సీరియల్ లైన్లో ప్రతి బైటుకూ ముందు స్టార్ట్ బిట్, చివర స్టాప్ బిట్ అలాంటివే.

పారిటీ అంటే ఇస్త్రీకి వేసిన బట్టల లెక్క. 1లు సరిసంఖ్యలో ఉండాలని ముందే ఒప్పందం. బేసి వచ్చిందంటే దారిలో ఏదో తప్పు జరిగినట్టు. రెండు బిట్లు ఒకేసారి తారుమారైతే మాత్రం పారిటీకి తెలియదు. బట్టల లెక్క సరిపోయి, చీర మారిపోయినట్టు!

బాడ్ అంటే లైన్ మీద సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారగలదన్న లెక్క. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చిన మాట. 1960లలో వచ్చిన మోడెమ్‌లు సెకనుకు 300 బిట్లు పంపేవి. 'కామారెడ్డి' అన్న మాటలో హల్లులు, గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కపెడితే కంప్యూటరుకు 10 గుర్తులు. ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు 3 బైట్లు చొప్పున 30 బైట్లు. స్టార్ట్, స్టాప్ కలుపుకుని బైటుకు 10 బిట్లు, మొత్తం 300. అంటే ఆ మోడెమ్ మీద మన ఊరి పేరు పోవడానికి సరిగ్గా ఒక సెకను! ఈ లెక్క చెప్తే మా కోడలుపిల్ల "గింతేనా అత్తా!" అని, ఎల్లారెడ్డి లెక్క తనే వేసింది: 11 గుర్తులు, 330 బిట్లు. గ్రూపు మార్చే మాట మళ్లీ ఎత్తలేదు.

తెలుగు బీఏ చదివినదాన్ని కనుక ప్రతి మాటకూ సంస్కృత సమాసం కట్టమంటానని అనుకోకండి. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు వేసింది, వాటి విలువ వాటిదే. కానీ దర్వాజ, దవాఖాన, జిల్లా మన మాటలైపోయినట్టే రౌటర్, మోడెమ్ కూడా అయిపోయాయి. మాట ఇంగ్లీషుదే ఉండనివ్వండి, వివరణ తెలుగులో చెప్పండి అంటాను. "రేపు ఉద్యోగం ఇంగ్లీషులోనే కదా" అంటారు కొందరు. నిజమే. అర్థమైన సంగతిని ఇంగ్లీషులో చెప్పడం నేర్చుకోవచ్చు. అర్థం కానిదాన్ని ఏ భాషలో చెప్తారు?

ఇది పిల్లల పరీక్షలతో పోయేది కూడా కాదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. మన సినిమా ఫైలు సైజు ఉండేది మెగాబైట్లలో. 8తో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. 750 ఎంబీ ఫైలు దిగడానికి ఎంత బాగా వచ్చినా ఒక నిమిషం. ఈ భాగహారం తెలిస్తే, ఎక్కువ డబ్బుల ప్లాన్ అంటగట్టబోయినప్పుడు కావాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు. "రౌటరుకు వైరు పెట్టి చూస్తే స్పీడెంత, వైఫైలో ఎంత?" అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, ఎదుటివాళ్లు మాట్లాడే తీరే మారుతుంది.

పాల లెక్క రాసుకునే పుస్తకంలో చివరి పేజీ దీనికి కేటాయించండి. వారానికి రెండు మాటలు చాలు. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లచేతే రాయించండి, తెలుగులో. మనకు అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజు వాళ్లకూ వచ్చినట్టే.