సంవత్సరీకం లోపు తేల్చుకోండి

గోదావరి జిల్లాల్లో ఏ పాత ఊరి పెద్దవీధిలో నడిచినా తాళం వేసిన లోగిళ్లు కనిపిస్తాయి. ఎవరిదండీ ఈ ఇల్లు అని అడిగితే పక్కింటివాళ్లు పేరు చెబుతారు. పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు బెంగళూరులో, ఒకరు డాలస్‌లో అని కూడా చెబుతారు. మరి ఇల్లేం చేస్తారట అంటే మాత్రం "ఏమోనండీ, ఇంకా ఏమీ అనుకోలేదట" అంటారు. పెద్దాయన పోయి పదేళ్లయినా అదే జవాబు. సంక్రాంతికి తలుపులు తీస్తారు, వాకిట్లో ముగ్గు పడుతుంది, ముక్కనుమ మర్నాడు మళ్లీ తాళం పడుతుంది.

ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఒకటే. తల్లిదండ్రులు వదిలివెళ్లిన ఇంటిని ఏం చేయాలో వాళ్ల సంవత్సరీకం లోపు తేల్చుకోవాలి. అమ్ముతారో, ఉంచుకుంటారో, తోడబుట్టినవాళ్లలో ఒకరికి రాసిస్తారో మీ ఇష్టం. ఏదీ తేల్చకుండా తాళం వేసి వెళ్లడం ఆ ఇంటికీ అన్యాయమే, వాటా ఉన్న ప్రతి మనిషికీ అన్యాయమే.

పెంకుటిల్లు మనుషులుంటేనే నిలుస్తుంది. కోతి దూకితే ఒక పెంకు జారుతుంది. ఇంట్లో మనిషి ఉంటే ఆ రాత్రి వానకు చుక్క పడిన చోట గిన్నె పెట్టి, తెల్లారగానే ఎవరినో ఒకరిని ఎక్కించి పెంకు సర్దిస్తారు. మనిషి లేకపోతే ఆ నీళ్లు వాసం మీద పడతాయి. తడిసిన వాసానికి చెద పడుతుంది, అది మెల్లగా దూలానికి పాకుతుంది. మండువాలో పడిన వాననీళ్లు బయటికి పోయే తూము ఆకులతో పూడిపోతుంది, నీళ్లు నిలిచి గోడల అడుగు నానుతుంది. సున్నపు గోడ పగుల్లో పిట్ట రెట్టతో వచ్చిన రావి గింజ మొలుస్తుంది. మొక్కగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో పీకి పారేయొచ్చు. కొన్నేళ్లు ఊరుకుంటే గోడ కూల్చకుండా దాన్ని తీయలేరు. అప్పటికి ఇల్లు కొంటామని వచ్చేవాళ్లు ఉండరు, కలప కొనేవాళ్లు వస్తారు. టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు లారీకెక్కాక మిగిలిన దిబ్బకు స్థలం ధర కడతారు. ఇల్లు పోకూడదని తాళం వేసుకున్నవాళ్లకు చివరికి దక్కేది ఆ ఖాళీ స్థలమే.

నిజానికి ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. పెదకర్మ నాడు ఈ మాట ఎత్తితే "బూడిద ఆరకముందే ఆస్తి గొడవా" అంటారు. అనాలి కూడా. ఆ పన్నెండు రోజుల్లో నోరు జారితే ఆ మాట జన్మంతా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ తరవాత ఎవరి ఊరు వాళ్లది, ఎవరి సెలవులు వాళ్లవి. మళ్లీ అందరూ ఒక చాప మీద కూర్చునేది సంవత్సరీకానికే. అందుకే ఆ ఏడాదినే గడువుగా పెట్టుకోమంటున్నాను. దుఃఖం కాస్త నెమ్మదిస్తుంది, కాగితాలు వెతుక్కోవడానికి సమయం దొరుకుతుంది, పెంకు కూడా ఇంకా జారి ఉండదు.

కూర్చునేటప్పుడు చాప మీద ఆడపిల్లలు ఉండాలి. వంటింట్లో కాదు, చాప మీద. మన ఇళ్లలో ఇప్పటికీ జరిగే అన్యాయం ఇక్కడే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో ఒకసారి చూశాను. అరవై దాటిన ఆవిడ, చేతిలో గుడ్డసంచి, పక్కన ఇద్దరు తమ్ముళ్లు. రాసుకొచ్చిన హక్కు విడుదల దస్తావేజును ఆవిడకు ఎవరూ చదివి వినిపించలేదు. "ఇక్కడ పెట్టక్కా, ఇక్కడ కూడా" అని వేలు పెట్టి చూపిస్తున్నారు. సంతకాలు అయ్యాక ఆవిడ అడిగింది ఒకటే: "పండక్కి పిలుస్తార్రా?" పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయంతో పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వకం అని దస్తావేజులో ఎలా రాసుకుంటాం?

ఆ అక్క హక్కు కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. తండ్రి స్వార్జితమైన ఇల్లు వీలునామా లేకుండా వదిలి పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. నాయనమ్మ బతికి ఉంటే ఆవిడకూ ఉంది. పిత్రార్జితంలో కూతురిని కొడుకుతో సమానంగా చూడాలని దేశంలో అందరికంటే ముందు చట్టం చేసింది మన ఆంధ్రప్రదేశే, ఎన్టీ రామారావు ప్రభుత్వంలో. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదపలేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది.

ఇంటి గురించి ఇంకో సంగతి ఉంది. 1956 చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కుటుంబం కాపురం ఉంటున్న ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, మగవాళ్లు పంచుకుందామని అనుకునేదాకా ఆమె పంచమని అడగకూడదని అది చెప్పేది. 2005లో దాన్ని కొట్టేశారు. చట్టంలోంచి పోయిన ఆ సెక్షన్ మన మనసుల్లోంచి పోలేదు. పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, లెక్క సరిపోయింది అంటారు. చట్టం ఆ లెక్కను ఒప్పుకోదు. మనమూ ఒప్పుకోకూడదు. (ఇదంతా హిందూ కుటుంబాల సంగతి. క్రైస్తవులకు 1925 నాటి చట్టం, ముస్లింలకు షరియత్ వర్తిస్తాయి.)

అమ్మ సంగతి మరీ మరిచిపోతాం. నాన్న పోతే ఇల్లు పిల్లలదైపోయినట్టే మాట్లాడతాం. ఆవిడది పిల్లలందరితో సమానమైన వాటా. ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటానంటే, ఉన్నంతకాలం అమ్మకం మాట ఎత్తకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అప్పుడు పిల్లలు తేల్చుకోవాల్సింది రిపేర్లకు ఎవరు ఎంత పంపాలన్నదే.

ఇక ఊళ్లో ఉండిపోయిన కొడుకు. లేదా, పెళ్లి చేసుకోకుండా అమ్మానాన్నలను చూసుకున్న కూతురు. మంచాన పడ్డవాళ్లకు పక్క మార్చింది, ఆసుపత్రికి తిప్పింది వాళ్లే. వారసత్వ చట్టం ఆ సేవకు పైసా ఎక్కువ ఇవ్వదు. కుటుంబం ఇవ్వాలి. మా ఇంట్లో అమ్మ దగ్గరే ఉండిపోయిన తమ్ముడికి ఇల్లు ఇచ్చాం. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులతో విడివిడిగా ధర కట్టించి, అందులో కొంత తగ్గించి, మా అక్కచెల్లెళ్ల వాటా డబ్బు వాయిదాల్లో ఇచ్చేటట్టు రాసుకున్నాం. ఎంత తగ్గించాలో చెప్పింది మా పెద్దక్కే. బయటివాడికి పోకుండా లోపలివాళ్లే కొనుక్కునే వెసులుబాటు చట్టంలోనూ ఉంది. వారసుల్లో ఒకరు తన వాటా అమ్మదలిస్తే, మిగతా వారసులు ముందుగా కొనుక్కునే హక్కును 22వ సెక్షన్ ఇస్తుంది.

ఆ ఏడాదిలో చేయాల్సిన పని ఎక్కువగా కాగితాలదే. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ, లింకు దస్తావేజులు తీయించి పెట్టుకోవాలి. గ్రామకంఠంలో ఉన్న చాలా ఇళ్లకు దస్తావేజే ఉండదు, ఇంటిపన్ను రసీదే ఆధారం. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద ఊళ్లలో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తున్నారు. కొలతలకు వచ్చిన రోజున తాళం వేసిన ఇంటి హద్దు చూపించేది ఎవరు? పక్కింటాయన చూపించిందే హద్దవుతుంది. విదేశంలో ఉన్నవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత కాన్సులేట్‌లో చేయించి పంపితే, అది ఇక్కడికి అందిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. నోటిమాటగా పంచుకుని తెల్లకాగితం మీద సంతకాలు పెట్టుకుంటే సరిపోదు. పంపకాల దస్తావేజు రిజిస్టరు కావాలి.

తేల్చుకోలేక కోర్టుకు వెళితే ముందు ప్రాథమిక డిక్రీ, తరవాత కమిషనర్ కొలతలు, ఆపైన తుది డిక్రీ. ఇంటిని ముక్కలు చేయడం కుదరకపోతే అమ్మించి డబ్బు పంచమని చెప్పడానికి 1893 నాటి చట్టం ఉండనే ఉంది. అన్నదమ్ములు ఏడాదిలో చేసుకోగల పనినే న్యాయస్థానం ఒక తరం పట్టి చేస్తుంది. అంతకంటే నాకు బాధ కలిగించేది మండువా మధ్య నుంచి లేపిన గోడ. ఒక ఊళ్లో చూశాను. ఇటు వాటాలో తులసికోట, అటు వాటాలో నుయ్యి. పూజకు నీళ్లు తేవాలంటే వీధిలోంచి తిరిగి రావాలి. అలా చీల్చడం కంటే అమ్మేయడం వెయ్యి రెట్లు నయం.

అమ్మడం పాపం కాదని కూడా చెప్పాలి. కప్పు బాగుండగా, కాపురం ఉండే కుటుంబానికి అమ్మితే ఆ ఇంట్లో మళ్లీ పొయ్యి వెలుగుతుంది. ఎవరికీ డబ్బు అవసరం లేకపోతే గ్రంథాలయానికో, ఊరి బడికో ఇవ్వండి. కందుకూరి వీరేశలింగం తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. రాజమహేంద్రవరంలో ఆయన ఇంటిని జనం ఇప్పటికీ వెళ్లి చూస్తున్నారు. ఉంచుకుంటామంటే ఉంచుకోండి, సంతోషం. అయితే ఏటా సున్నాలకు, పెంకుకు, కాపలా మనిషి జీతానికి ఎవరు ఎంత ఇస్తారో అదే రోజు కాగితం మీద పెట్టండి. ఆ కాగితం రాసుకోలేని కుటుంబం ఇల్లు ఉంచుకోలేదు.

ఈ ఏడు మీ ఇంట సంవత్సరీకం ఉంటే, పురోహితుడితో తిథి ఖాయం చేసుకునేలోపే అక్కచెల్లెళ్లకు ఫోన్ చేయండి. తద్దినం మర్నాడు కూడా ఉండేలా సెలవు పెట్టుకుని రమ్మనండి. ఎందుకో దాచకుండా చెప్పండి.