మన్నిక గిరాకీకి శత్రువా?

“సరుకు పదేళ్ళు మన్నితే మళ్ళీ మా గడప తొక్కేదెవరు?” అని పంపుసెట్ల వ్యాపారి ఎవరైనా అంటే మీరు ఆశ్చర్యపోనక్కరలేదు. ఈ భయం చాలా పాతది. 1924లో ఓస్రామ్, ఫిలిప్స్ తదితర బల్బుల తయారీదారులు జెనీవాలో ఫీబస్ పేరిట కూటమిగా ఏర్పడి, అంతవరకు 1,500 నుండి 2,000 గంటలు వెలుగుతున్న బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించారు. అంతకు మించి వెలిగే బల్బు చేసిన సభ్యునికి జరిమానా! ఆయుష్షు తగ్గితే వెలుతురు పెరుగుతుందన్న వారి సమాధానంలో కొంత నిజం లేకపోలేదు. కాని వెలుతురు కోసమే అయితే జరిమానా దేనికి?

ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ సైతం 1972లో, మన్నికైన వస్తువును అమ్మే గుత్తాధిపతికి తాను కోరిన ధర నిలవడం కష్టమని, మన్నిక తగ్గించడం, అద్దెకివ్వడం అతనికి గల మార్గాలలో కొన్నని వివరించాడు.

ఇది అమ్మేవాని లెక్క. రైతు లెక్క వేరు. పంట అమ్మినప్పుడు తప్ప అతని చేతిలో సొమ్ము ఆడదు. వోల్టేజి పడిపోయి, లేదా ఒక ఫేజు పోయి, రబీ మధ్యలో నాసిరకం మోటారు కాలిపోయిందనుకోండి. దానిని పైకి తీయించి, పట్నం చేర్చి, తీగ చుట్టించి, తిరిగి బిగించేలోగా పైరు వాడిపోతుంది. చుట్టుకూలి కంటే ఆ నష్టమే పెద్దది. అలా పోయిన సొమ్ము కుట్టుమిషనుకో, పాడిగేదెకో, పిల్లల చదువుకో అక్కరకు వచ్చేది. గట్టి మోటారు గిరాకీని చంపదు, వేరొక అంగడికి మళ్ళిస్తుంది. అమ్మిన వ్యాపారికి మాత్రం నష్టమేమి? పొరుగువాని బావిలో ఏ మోటారు నిలిచిందో చూసే గదా రైతు కొనేది! పాత ట్రాక్టరుకు మంచి ధర పలుకుతుందన్న నమ్మకమే కొత్తది కొనే ధైర్యాన్ని కూడా ఇస్తుంది.

మరి మరమ్మతుదారుల బతుకు మాటేమిటి? గట్టి యంత్రానికీ బేరింగులు అరుగుతాయి, సీళ్ళు మార్చవలసి వస్తుంది. విప్పడానికి వీలైన యంత్రం, దొరికే విడిభాగాలు ఉన్నచోట వారికి పని తప్పదు. 2022లో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం పోర్టల్ ప్రారంభించినప్పుడు అందులో వ్యవసాయ పరికరాలకూ చోటు కల్పించడం ఈ దృష్ట్యా గమనార్హం.

ఇక పరపతి సంస్థలలో పనిచేసే మిత్రులకు ఒక మాట. రుణ కాలపరిమితిని ఆస్తి ఆయుష్షును బట్టి నిర్ణయించాలన్నది మనకు తెలిసిన సూత్రమే. అయినా కొటేషన్లలో కనిష్ఠ ధరకే మన కలం మొగ్గుతుంది. ఏడేళ్ళ రుణంతో కొన్న 20,000 రూపాయల మోటారు నాలుగేళ్ళకే మూలబడిందనుకోండి; మిగిలిన మూడేళ్ళూ రైతు లేని యంత్రానికి వాయిదాలు కట్టాలి. పదేళ్ళు నడిచే 30,000 రూపాయల మోటారుకు వాయిదా పెద్దదే, కాని అది నీరు పోస్తూనే ఉంటుంది. కొటేషనులో ధర పక్కనే గ్యారంటీ కాలాన్నీ, సమీపంలో విడిభాగాలు దొరికే ఊరినీ రాయించడానికి కొత్త ఉత్తర్వు ఏదీ అక్కరలేదు.