ఇతరములు

గత నెలలో ఒక పద్యనాటక నటుడు మా కార్యాలయానికి వచ్చారు. చందా కట్టడానికి వచ్చిన మనిషి, కాసేపు కూర్చోమంటే కూర్చున్నారు. మాటల మధ్యలో ఫోను తీసి యూట్యూబులో ఒక వీడియో చూపించారు. ఎక్కడో జాతర పందిట్లో ఆడిన శ్రీకృష్ణ రాయబారం. కృష్ణుడి వేషంలో ఉన్నది ఆయనే. చూసినవాళ్ల లెక్క లక్షలు దాటింది. "తీసింది ఎవరో, పెట్టింది ఎవరో నాకు తెలీదండి. ఆ రాత్రి నా చేతికి వచ్చింది మూడు వేలు, అందులో దారిఖర్చులు పోయాయి" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. మబ్బు పట్టింది, వాన కురిసింది అన్నట్టు చెప్పారు.

జాతరల కాలంలో నాటకాలు, మిగతా రోజుల్లో టీవీ సీరియళ్లలో తండ్రి వేషాలు, పిలిస్తే డబ్బింగు, కార్తీక మాసంలో భజనలు, సాయంత్రాలు పిల్లలకు హార్మోనియం పాఠాలు. ఇదీ ఆయన ఏడాది. "ఫారాల్లో వృత్తి అన్నచోట ఏం రాస్తారు?" అని అడిగాను. "ఇతరములు" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. నాటకం, సినిమా, సంగీతం మూడింట్లోనూ పని చేసే మనిషిని ఏ ఒక్కదాంట్లోనూ నిలదొక్కుకోలేనివాడిగా చూడటం మనకు అలవాటైపోయింది. నిజానికి మన కళాకారులు మొదటినుంచీ బతికింది ఇలాగే. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేషం వేసిన కమలాబాయి సురభి నాటకాల బిడ్డ. నేపథ్య గానం అప్పటికి రాలేదు కాబట్టి నటించే మనిషే పాడాలి, పాడలేకపోతే వేషం లేదు. ఆమెకు అదేమీ కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ సమాజంలో తెర లాగేవాళ్లే తెల్లారితే తెరకు రంగులు వేసేవాళ్లు, రాత్రి వేషం కట్టేవాళ్లూ వాళ్లే. నటుడొకడు, గాయకుడొకడు అన్న గీత తర్వాత సినిమా గీసింది. పద్యనాటకం దాన్ని ఈనాటికీ ఒప్పుకోలేదు. రాగం తీయలేని కృష్ణుణ్ణి జనం కూర్చోనివ్వరు.

పని చేసేది ఎన్ని రంగాల్లోనైనా కావచ్చు, అసలు చిక్కు కూడుగుడ్డల దగ్గరే. బళ్లారి రాఘవగారు నటించినంత కాలం ఆయన ఇల్లు గడిపింది వకాల్తా. నాటకం మీద పైసా ఆశించని మహానటుడని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్పతనం నిజమే. అయితే కోర్టు లేని నటుడి గతేమిటని అప్పట్లో ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

డాక్టర్ గరికపాటి రాజారావు కథ మరీ బాధ కలిగిస్తుంది. చదివింది వైద్యం, ప్రాణం పెట్టింది నాటకానికి. 1940లలో ఆంధ్ర ప్రజానాట్యమండలిని నడిపించినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకాన్ని ఊరూరా దళాలు ఆడిన రోజులవి. మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది, మండలి చెల్లాచెదురైంది. ఆ మనుషులంతా ఏమయ్యారు? చాలామంది మద్రాసు రైలెక్కారు. రాజారావు 1953లో పుట్టిల్లు సినిమా తీశారు. జమునను తెరకు పరిచయం చేసింది ఆ సినిమాయే, అల్లు రామలింగయ్య తొలిసారి తెర మీద కనిపించిందీ అందులోనే. సినిమా డబ్బులు తేలేదు. ఆయన మళ్లీ నాటకానికే తిరిగివచ్చి 1963లో కన్నుమూశారు. ఆయన చేయి పట్టుకుని తెరకెక్కినవాళ్లు దశాబ్దాల పాటు తెలుగు సినిమాను ఏలారు. తెలుగు సినిమా తిన్న అన్నంలో ప్రజానాట్యమండలి వండింది ఎంతో ఉంది. ఆ బాకీ ఎవరి ఖాతాలోనూ రాయలేదు.

అదే మండలి నుంచి వచ్చినవారు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టి, సంగీతం నేర్చి, నాటకాల్లో వేషాలు వేసి, చివరికి బుర్రకథ దగ్గర స్థిరపడ్డారు. స్థిరపడ్డారు అనడం కూడా తప్పేనేమో, ఎందుకంటే బుర్రకథ చెప్పేవాడు ఒకే సమయంలో పాడాలి, ఆడాలి, నటించాలి, భుజం మీద తంబురా మీటాలి, చేతి అందెలు మోగించాలి, పక్కన వంతలు ఎత్తిపొడిస్తే అప్పటికప్పుడు మాట అందుకోవాలి. ఇన్ని పనులు ఒక్క గుక్కలో చేసే కళను ఏ శాఖలో చేరుస్తాం? 1954 నాటి అగ్గిరాముడు సినిమాలో ఆయన అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పారు. అల్లూరి మీద పూర్తి నిడివి సినిమా రావడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తన జీవితాన్ని చెప్పిన పుస్తకం పేరు పింజారి. చదవనివాళ్లు తప్పక సంపాదించి చదవాలి. పేరున్న కళాకారుడికి రోజులెలా గడుస్తాయో అంత నేరుగా చెప్పిన తెలుగు పుస్తకాలు తక్కువ.

తెలంగాణలో బి.నర్సింగరావుగారిది ఇంకో దారి. చిత్రకారుడు, కవి, నటుడు, దర్శకుడు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో మా భూమి సినిమాకు నిర్మాతగా నిలిచి, గద్దర్‌ను తెర మీద చూపించారు. రంగుల కలలో తానే నటించి తానే దర్శకత్వం వహించారు. ఆయన దాసికి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో కళా దర్శకత్వం అవార్డు చిత్రకారుడు తోట వైకుంఠానిది. ఒక రంగంలో చేయి తిరిగినవాడు పక్క రంగంలోకి వస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తోచదు. అయినా అలాంటి సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే వచ్చాయి.

ఇప్పుడు మా కార్యాలయానికి వచ్చిన కృష్ణుడి దగ్గరకు వస్తాను. ఆయన పాడిన పద్యాలు తిరుపతి వేంకట కవులవి. ఆ జంటకవుల్లో చెళ్లపిళ్లవారు 1950లో పోయారు, కాబట్టి 2010తో ఆ పద్యాల మీద హక్కులు తీరిపోయాయి. ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కానీ ఆ రాత్రి ఆ పందిట్లో ఆ పద్యాన్ని పాడిన గొంతు మీద హక్కు ఆయనది. ఇది నా అభిప్రాయం కాదు, 1994లో సవరించినప్పటి నుంచీ మన కాపీరైటు చట్టం చెబుతున్న మాట. నటుడు, గాయకుడు, వాద్యకారుడే కాదు, గారడీవాణ్ణి, పాములవాణ్ణి కూడా ఆ చట్టం ప్రదర్శకుడిగా గుర్తించింది. అతని అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేయకూడదు, జనంలోకి వదలకూడదు. ఆ హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ ఇంకొంచెం ముందుకు వెళ్లి, ప్రదర్శించింది తానేనని పేరు చెప్పుకునే హక్కు కూడా ఇచ్చింది. సినిమా పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీని ఒప్పందంలో వదులుకున్నా అది చెల్లదని అన్నదీ ఆ సవరణే.

ఈ సంగతులు చెబితే ఆయన నమ్మలేదు. "పాములవాడికి కూడానా?" అని రెండుసార్లు అడిగారు. ఈ హక్కు పుట్టి ముప్పై ఏళ్లయినా, హక్కున్న మనిషికి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. సినిమా పాటల రచయితలకు సంఘాలున్నాయి, వకీళ్లున్నారు. జాతర నాటకానికి మాత్రం ఫోనులో ఒక మాట, ఒక బయానా, తెల్లారాక లెక్కపెట్టిన నోట్లు. కాగితం ఉండదు. కాగితం లేనిచోట హక్కు ఉన్నా దాన్ని ఎవరికి చూపించాలి?

ఇందులో కళాకారుల తప్పు కూడా కొంత ఉందని బాధతోనే అంటున్నాను. కాగితం అడిగితే వచ్చే ఏడు పిలవరని వాళ్ల భయం. ఒక్కడు అడిగితే పిలవకపోవచ్చు. హార్మోనిస్టు నుంచి మేకప్ మనిషి దాకా అందరూ కలిసి అడిగితే జాతర ఎలా జరుగుతుంది?

జాతర కమిటీల పెద్దలకు, పరిషత్తుల నిర్వాహకులకు, లఘు చిత్రాలు తీసే యువకులకు మా మనవి ఇదే. బయానాతో పాటు ఒక కాగితం ఇవ్వండి. ఎంత ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తారు, వీడియో తీయవచ్చా, తీస్తే దాని మీద వచ్చే రాబడిలో ఎవరికెంత, పేర్లు ఎక్కడ వేస్తారు అన్నవి రాస్తే చాలు. నాటకం వీడియో పెట్టే పాఠకులు కనీసం కింద వేషధారుల పేర్లు, వాద్యాల మీద కూర్చున్నవారి పేర్లు రాయండి.

అలాంటి ఒప్పందం నమూనా ఒకటి వకీలు చేత తెలుగులో రాయించి ఈ సంచిక చివరి పేజీలో అచ్చు వేశాం. అవతలి వైపు ఖాళీగా వదిలాం. కత్తిరించుకుని వాడుకోండి.