పులి కదిలినంత వేగంగా ఫైలు కదలదు

ఛత్తీస్‌గఢ్‌లో 2024 నవంబరు నెల మూడు పులి వార్తలను మిగిల్చింది. 8న కొరియా జిల్లా అడవిలో ఒక వాగు పక్కన పులి కళేబరం దొరికింది. విషప్రయోగం జరిగి ఉండవచ్చని తొలుత అనుమానించినది అటవీ అధికారులే. హైకోర్టు ఈ ఉదంతాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించింది. పది రోజుల తర్వాత, 18న, రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రాంతంలోనే 2,829 చదరపు కిలోమీటర్ల గురు ఘాసీదాస్–తమోర్ పింగ్లా టైగర్ రిజర్వును నోటిఫై చేసింది. 26న, రాయ్‌పూర్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని కస్డోల్ పట్టణంలోకి వచ్చిన పులికి మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు.

పాలకులు చెప్పుకుంటున్నది వీటిలో నడిమి వార్త ఒక్కటే. దేశంలో 56వ టైగర్ రిజర్వు! నాగార్జునసాగర్–శ్రీశైలం, మానస్ తర్వాత విస్తీర్ణంలో మూడవది! నిజమే. కానీ దీనికి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఆమోదం తెలిపింది 2021 అక్టోబరులో. మూడేళ్లు ఆ ఫైలు ఎక్కడ పడుకుంది? ఆ అడవుల కింద బొగ్గు ఉంది, మీథేన్ వాయువు ఉంది. ఇంతకు మించిన వివరణ అక్కరలేదు. ఈ మూడేళ్లలో రెండేళ్లకు పైగా భూపేశ్ బఘేల్ కాంగ్రెస్ ప్రభుత్వం, మిగిలిన కాలం విష్ణుదేవ్ సాయ్ భాజపా ప్రభుత్వం ఏలాయి. పార్లమెంటులో ఒకరినొకరు చీల్చి చెండాడుకునే ఈ రెండు పార్టీలూ బొగ్గు దగ్గరకు వచ్చేసరికి ఒకే తాను ముక్కలు.

ఇక లెక్కలు చూద్దాం. ఇవి ఉద్యమకారులు వేసినవి కావు, కేంద్రం నాలుగేళ్లకోసారి జరిపే అఖిల భారత పులుల అంచనాలోనివి. ఛత్తీస్‌గఢ్‌లో 2014లో 46 పులులు, 2018లో 19, 2022లో 17. ఇదే కాలంలో దేశంలో సంఖ్య 2,226 నుంచి 3,682కు పెరిగింది. సరిహద్దు పంచుకునే మధ్యప్రదేశ్‌లో 308 నుంచి 785కు చేరింది. ఒక పార్టీకి శాసనసభ స్థానాలు 46 నుంచి 17కు పడిపోతే ఎన్ని సమీక్షలు, ఎన్ని రాజీనామాలు! ఇక్కడ ఎవరి కుర్చీ కదిలింది? అడవిలో కెమెరాలు కట్టి, అడుగుజాడలు కొలిచి, చారల తేడాను బట్టి ఒక్కొక్క పులినీ గుర్తించే శాస్త్రజ్ఞుల శ్రమ చివరకు ఒక నివేదికగా అల్మారాలోకి చేరుతోంది. పరిశోధన లోపించి పులులు పోలేదు. దాని మాట వినే ప్రభుత్వం లేక పోయాయి.

రాజధానికి పులి అంటే బొత్తిగా ఇష్టం లేదనలేం. 2016 నవంబరు 1న ప్రధాని ప్రారంభించిన నవా రాయ్‌పూర్ జంగిల్ సఫారీ 320 హెక్టార్లలో ఉంది. కంచె లోపలి పులిని అద్దాల బస్సులోంచి చూపించడానికి స్థలమూ దొరుకుతుంది, నిధులూ దొరుకుతాయి. కంచె లేని పులి మాత్రం, 2024 మార్చిలో తానే నడిచి వచ్చి, బార్‌నవాపారా పరిసరాల్లో దాదాపు ఎనిమిది నెలలు మనుగడ సాగించింది. పొరుగు రాష్ట్రం నుంచి పులులు తెప్పిద్దామని ప్రణాళికలు వేసిన రాష్ట్రానికి ఒక పులి ఉచితంగా, స్వయంగా నడిచివచ్చింది. చివరికి దానికి దక్కినవి మత్తుసూది, మెడకు రేడియో పట్టీ, మరో అడవికి లారీ ప్రయాణం. పట్టణంలోకి వచ్చాక పట్టుకోవడం తప్పని నేను అనను. ఆ ఎనిమిది నెలలూ ఏం చేశారన్నదే నా ప్రశ్న.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. 2024 జూన్‌లో అదే ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది: టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో ఉన్న 591 గ్రామాలు, 64,801 కుటుంబాల తరలింపును ప్రాధాన్యంగా చేపట్టండి, గడువులు చెప్పండి. ఆదివాసీ గూడేనికి గడువు. బొగ్గు బ్లాకుకు మూడేళ్ల మౌనం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ సమ్మతి పొందాలి, ఆ తర్వాతే తరలింపు. ఆ వరుసను తలకిందులు చేసి, పులి పేరుతో గూడెం ఖాళీ చేయిస్తే, రేపు ఆ పులికి విషం పెట్టే చేతిని తయారు చేసినట్లే. కొరియా గడ్డకు ఈ చరిత్ర కొత్తది కాదు. 1947లో దేశంలోని చివరి మూడు చీతాలను వేటాడినవాడిగా పేరు నమోదైంది కొరియా రాజుదే తప్ప ఆదివాసీలది కాదు. ఆ లోటు తీర్చడానికి 2022లో నమీబియా నుంచి విమానంలో చీతాలను దించుకోవలసి వచ్చింది.

'పులి కోసం మనుషులు చావాలా?' అని అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్న. అదే నవంబరు 29న తెలంగాణలోని కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేలో పనికి వెళ్లిన యువతిని పులి చంపింది. తర్వాత కూలీలకు తల వెనుక తగిలించుకోవడానికి ముఖం మాస్కులు పంచారు. మహారాష్ట్ర అడవుల నుంచి పులులు అటు వస్తున్నాయని ఎన్నో ఏళ్లుగా తెలుసు. వచ్చే దారీ తెలుసు. ఆ దారి వెంట ముందస్తు హెచ్చరిక, గుంపుగా పనికి వెళ్లే ఏర్పాటు, పశువు పోతే వారంలో పరిహారం ఉండాలని చెప్పడానికి కొత్త పరిశోధన అవసరమా? కూలి దొరికే సీజనులో చేనుకు వెళ్లవద్దని చెప్పడం నిర్వహణ కాదు.

తదుపరి అంచనా 2026లో. అంతకు ముందే రాయ్‌పూర్ చేయదగిన పని ఒకటుంది. 46 ఎలా 17 అయిందో శ్వేతపత్రం రూపంలో శాసనసభ ముందు పెట్టాలి. దానితోపాటు కొత్త రిజర్వు చుట్టూ ఉన్న ప్రతి గని ప్రతిపాదన పటాన్నీ.