చేతుల మాటకు నోరు నొక్కడమా?

మూగసైగలని మనం తేలిగ్గా అనేస్తాం. అమెరికా మైదానాల ఆదివాసులకు మాత్రం సైగలు కూడా నిండైన భాషే. తెగతెగకూ మాట వేరైనా, చెవులు వినబడేవాళ్లు సైతం ఆ సైగలతో కబుర్లాడుకునేవారు. వినబడని బిడ్డ అలాంటి చోట వెలి కాదు కదా!

1879లో అక్కడి సర్కారు కార్లైల్ బడి తెరిచి, ఆదివాసీ పిల్లల్ని ఇంగ్లీషే మాట్లాడమంది. 1880లో ఇటలీలోని మిలాన్ సభ, బధిరుల బళ్లలో సైగలొద్దు, నోటిమాటే నేర్పాలంది. ఆదివాసీ బధిర బిడ్డకు రెండువైపులా దెబ్బే. మిలాన్ తీర్మానాలను తోసిపుచ్చి వాంకూవర్ సభ విచారం వెలిబుచ్చింది 2010లో. అంటే 130 ఏళ్లకి!

నన్నడిగితే, బిడ్డ చేతులు కట్టేసే బదులు అమ్మానాన్నలే నాలుగు సైగలు నేర్చుకోవడం మేలు. ఇంట్లో మాట బిడ్డకు అర్థం కావాలిగానీ, ఇరుగుపొరుగుకు నచ్చాలా?